తెరచాప ఓడ సరే, ఆ కళ్లు తిరగడం సంగతేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 64 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, నీరు తీసే మందు కలిసిన బిళ్ళ, షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ప్రోస్టేట్‌కు రాత్రిపూట టామ్సులోసిన్ వాడుతున్నాను. వచ్చే నెల నేనూ మా ఆవిడా పాతకాలపు తెరచాప ఓడలో మూడు రాత్రుల విహారానికి వెళ్తున్నాం. ఏ కేబిన్ తీసుకుంటే ఊపు తక్కువగా ఉంటుంది? ఏం తినాలి? వాంతులు రాకుండా చెవి వెనక అంటించుకునే స్కోపలమైన్ పట్టీ మిత్రుడొకరు ఇచ్చారు, వాడొచ్చా? ఈమధ్య పడుకుని లేవగానే కళ్లు తిరుగుతుంటే షాపులో అడిగి సిన్నరిజిన్ తెచ్చుకుని రెండు నెలలుగా వేసుకుంటున్నాను.

జవాబు: కేబిన్ సంగతి తరవాత. మీరు ఏదో మాటవరసకు అన్నట్టు చివర్లో రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. పడుకుని లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే, చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ముందు అనుమానించాల్సింది నిలబడగానే బీపీ పడిపోవడాన్ని. టామ్సులోసిన్ ఆ పని చేయగలదు. నీరు తీసే మందూ చేయగలదు. మీరు రెండూ వాడుతున్నారు. పైగా షుగరు పాతదైతే నరాలు మందగించి, లేచినప్పుడు రక్తనాళాలు బిగుసుకోవడం ఆలస్యమవుతుంది.

దీనికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. ఐదు నిమిషాలు పడుకున్నాక ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే మందుల మోతాదో, వేళో మార్చాల్సి రావచ్చు. అది మీ డాక్టరు చేయాలి, మీరు కాదు. బిళ్ళలు మీకు మీరే మానేయకండి. లేచినప్పుడే కాక మామూలుగా ఉన్నప్పుడూ తల తిరిగినా, గుండె దడ, మాట తడబాటు, ఒకవైపు బలహీనత లాంటివి కనిపించినా ఓడ మాట అటుంచి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మరి ఆ సిన్నరిజిన్! కళ్లు తిరిగితే చాలు షాపుకెళ్లి ఒక బిళ్ళ అడిగి తెచ్చుకోవడం, తగ్గకపోయినా నెలల తరబడి మింగడం... నా దగ్గరికి వారానికి ఒకరైనా ఇలాగే వస్తారు. అది చెవి లోపలి భాగం వల్ల వచ్చే తిప్పుడుకు, అదీ కొద్దిరోజులకు ఇచ్చే మందు. బీపీ పడిపోవడాన్ని అది సరిచేయదు. మత్తు తెస్తుంది. పెద్ద వయసులో ఎక్కువకాలం వాడితే చేతులు వణకడం, నడక నెమ్మదించడం లాంటి పార్కిన్సన్స్ లక్షణాలు రావచ్చు. అప్పుడు ఆ వణుకుకు ఇంకో బిళ్ళ. రెండు నెలల కిందట ఒక్కసారి చూపించుకుని ఉంటే ఈ ఉత్తరంలో ఇంత పెద్ద జవాబు ఉండేది కాదు.

ఇక పాతకాలపు ఓడ. ఇప్పటి పెద్ద విహార నౌకల్లో ఊపు తగ్గించడానికి నీటి కింద రెక్కల్లాంటి ఏర్పాటు ఉంటుంది. పాతకాలపు ఓడల్లో సాధారణంగా ఉండదు. తెరచాపలు ఎత్తి ఉన్నప్పుడు ఓడ ఒకపక్కకు ఒరుగుతుంది గానీ ఊగడం కాస్త తగ్గుతుంది. చాపలు దించి ఇంజనుతో పోయేటప్పుడే ఎక్కువ ఊగేది. మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి, గుమ్మాలకు ఎత్తు గడపలు, తడిస్తే జారే చెక్క డెక్కు. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు కదా, నా భయం ఆ క్షణం గురించే. లేచి మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోండి, లైటు వేయండి, కడ్డీ పట్టుకున్నాకే అడుగు వేయండి. మరుగుదొడ్డి లోపలే ఉన్న కేబిన్, పై పడక కాకుండా కింది పడక అడగండి. ఓడ మధ్యలో, కింది అంతస్తులో ఉంటే ఊపు తక్కువ. మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా అదే.

తిండి: తేలిగ్గా, కొంచెం కొంచెంగా. మద్యం వద్దు. వికారం మొదలైతే డెక్కు మీదికొచ్చి దిగంతాన్ని చూడండి, ఫోను లోపల పెట్టేయండి. డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో తిరిగినా ఆయనకు ఈ బాధ అలవాటు కాలేదు, మీకు వస్తే సిగ్గుపడనక్కర్లేదు. వాంతులయ్యి తిండి దిగకపోతే మాత్రం గ్లిమెపిరైడ్ వల్ల షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, నీరసం వస్తే అది ఓడ వికారమే అనుకోకుండా గ్లూకోమీటరుతో చూడండి, 70 కంటే తగ్గితే వెంటనే గ్లూకోజ్ తాగండి. తినలేని రోజున షుగరు, బీపీ బిళ్ళలు ఏం చేయాలో బయల్దేరే ముందే మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. చిన్న ఓడల్లో చాలాసార్లు డాక్టరు ఉండరు. ముందే కనుక్కోండి.

ఆ పట్టీ మీకు పనికిరాదనే నా అభిప్రాయం. స్కోపలమైన్ మూత్రాశయాన్ని మందగింపజేస్తుంది. ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు, అప్పుడు గొట్టం వేయాలి. నడిసముద్రంలో ఎవరు వేస్తారు? కొన్నిరకాల గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకూ ప్రమాదమే, వయసు మళ్లినవాళ్లకు తికమక కూడా రావచ్చు. ప్రయాణపు వాంతులకు వాడే మెక్లిజిన్, ప్రోమెథజిన్ లాంటి బిళ్ళలకూ కొంతవరకు అదే గుణం ఉంది కాబట్టి వాటినీ అడక్కుండా వేసుకోకండి. ఆ పట్టీ మీ మిత్రుడికే తిరిగి ఇచ్చేయండి. ఇస్తూ, ఆయనకు మూత్రం ఇబ్బందేమైనా ఉందేమో ఒకసారి అడగండి.