మోయాబ్‌లో టాకో బండి దగ్గరికి వెళ్లే ముందు

చి. శ్రీకాంత్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

మే నెలాఖరు మెమోరియల్ డే సెలవులకు అమ్మానాన్నలను యూటా రాష్ట్రంలోని మోయాబ్ తీసుకెళ్తున్నావనీ, అక్కడ అందరూ ఎగబడి తినే మెక్సికన్ బండి దగ్గర వాళ్లకు టాకోలు, అదే కూర పెట్టి ఇచ్చే చిన్న రొట్టెలు, తినిపించాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మంచి ఆలోచనే. అయితే ఆ మాట చెబుతూనే "అక్కడ నాకేమి దొరుకుతుంది అక్కా, రెండు అరటిపళ్లు సంచిలో వేసుకుంటాను" అని కూడా అంది. ఇన్నేళ్లుగా ఈ దేశంలో వచ్చినవాళ్లనల్లా ఇలాంటి బండ్ల చుట్టూ తిప్పుతున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. అసలు సంగతి ఒక్కటే. ఎవరేమి తింటారన్నది ఆ బండి కిటికీ ముందు నిలబడే లోపే తేలిపోవాలి. అక్కడికి వెళ్లాక మొదలుపెడితే వెనుక వరుస గొణుగుతుంది, లోపలివాడు తొందరపెడతాడు, మీ అమ్మ "నాకేమీ వద్దులే" అనేస్తుంది.

ముందు వేళ సంగతి. మోయాబ్ జనాభా అయిదువేల చిల్లర. పక్కనున్న ఆర్చెస్ జాతీయ పార్కులో హోటలు అన్నది లేదు. కాన్యన్‌లాండ్స్ పార్కులోనూ అంతే. ఎర్రరాళ్ల మధ్య పొద్దంతా తిరిగినవాళ్లందరూ ఆకలితో దిగేది 191వ నంబరు రహదారి ఊళ్లోంచి వెళ్లే ఆ ఒక్క ముఖ్యవీధిలోకే. అందులోనూ నువ్వు ఎంచుకున్నది సెలవుల వారాంతం. డెన్వర్ నుంచి కారులో ఆరు గంటల దారి కదా, తెల్లవారి ఆరుకు బయలుదేరితే సరిగ్గా మధ్యాహ్నం రద్దీలో దిగుతావు. ఇంట్లో ఇడ్లీలు తినిపించి ఎనిమిదింటికి కదులు. దారిలో గ్రాండ్ జంక్షన్ ఊళ్లో కాఫీకి ఆగు. మూడు ప్రాంతంలో బండి దగ్గరికి చేరితే వరుస చిన్నది, పెనం దగ్గరి మనిషికి మీ మాట వినే తీరిక ఉంటుంది.

ఆర్చెస్ పార్కులోని డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దగ్గర సూర్యాస్తమయం చూసి వచ్చి తిందామని మాత్రం అనుకోకు. మే నెలాఖరులో అక్కడ పొద్దు గుంకేది ఎనిమిదిన్నరకు. రానూ పోనూ మూడు మైళ్ల నడక, అందులో ఎక్కుడు దారి. చీకట్లో దిగివచ్చి, కారెక్కి ఊళ్లోకి చేరేసరికి పది కావచ్చు. అప్పటికి బండి కిటికీ వేసేసి పెనం గీకుతుంటారు. ఆ నడక మీ నాన్నగారి మోకాళ్లకు తగదని నా అభిప్రాయం. కింద కారు నిలిపే చోటికి దగ్గర్లోనే దూరం నుంచి ఆర్చ్‌ను చూసే చోటు ఒకటి ఉంది, ఆయనకు అది చాలు. అయినా ఆయన వింటారా అన్నది వేరే సంగతి.

బండి దగ్గరికి వెళ్లగానే వాళ్లిద్దరినీ నీడలో కూర్చోబెట్టు. నువ్వు పలక మీది జాబితాను ఫోటో తీసి తెచ్చి చూపించు. మాంసాల పేర్లు స్పానిష్‌లోనే ఉంటాయి. మీ నాన్నగారు గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టరు కాబట్టి ఇవి గుర్తుంచుకో. అసాదా అంటే నిప్పుల మీద కాల్చిన గొడ్డుమాంసం. లెంగువా నాలుక, కబేసా తల మాంసం, ఇవీ గొడ్డువే. కార్నితాస్ పంది. బిర్రియా మెక్సికోలోని హలిస్కో రాష్ట్రంలో మేకమాంసంతో పుట్టిన వంట, కానీ ఈ దేశంలో బండ్ల మీద ఎక్కువగా గొడ్డుమాంసంతోనే చేస్తారు. మేక అని ఎక్కడో చదివానంటూ ఆయనకు పెట్టేయకు, అడుగు. నిలువు చువ్వకు గుచ్చి, ఎర్రటి మసాలా పట్టించి, పైన అనాసపండు పెట్టి తిప్పుతూ కాల్చే అల్ పాస్తోర్‌ను చూస్తే ఆయనకు హైదరాబాద్ షవర్మా గుర్తుకొస్తుంది. రెండూ చుట్టాలే. లెబనాన్ నుంచి మెక్సికోకు వలస వెళ్లినవాళ్లు పట్టుకెళ్లిన పద్ధతి అది. అయితే మెక్సికోలో అది పందిమాంసం అయింది, అందువల్ల ఆయనకు చూడటానికి మాత్రమే. ఆయనకు మిగిలేవి పోయో అనే కోడి, చేప, రొయ్యలు. సముద్రానికి అంత దూరంలో ఉన్న ఎడారి ఊరు కాబట్టి నేనైతే కోడికే ఓటేస్తాను.

మీ అమ్మ సంగతి కాస్త వివరంగా రాయాలి. కాశీ వెళ్లి మాంసం వదిలేసిన దగ్గర్నుంచి దానికి ఎక్కడ తిన్నా అనుమానమే, ఆ అనుమానం ఇక్కడ సబబే కూడా. మాంసం కనిపించని వాటిలోనే ఇక్కడ చిక్కు ఉంది. మెత్తగా మెదిపి వేయించిన చిక్కుళ్లలో పందికొవ్వు వేయడం పాత పద్ధతి. ఎర్రగా నోరూరించే అన్నాన్ని చాలామంది కోడి ఉడికించిన నీళ్లతో వండుతారు. గోధుమ టోర్టియాలోనూ, అంటే వాళ్ల పల్చటి రొట్టెలోనూ, కొవ్వు కలిపే అలవాటుంది. "ఇది శాకాహారమేనా" అని అడిగితే మాంసం ముక్క లేదు కాబట్టి అవునంటారు. అందులో వాళ్ల మోసమేమీ లేదు. ప్రశ్ననే మార్చాలి. "చిక్కుళ్లలో మాంతెకా ఉందా? అన్నం కోడి నీళ్లతో వండారా?" అని సూటిగా అడుగు. మాంతెకా అంటే పందికొవ్వు. ఆ మాట విన్నాక వాళ్లూ సూటిగానే చెబుతారు.

మొక్కజొన్న టోర్టియాతో ఈ బెడద లేదు. గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బిన పిండి అది. ఆ సున్నం వల్లే మొక్కజొన్నలోని బి3 విటమిన్ మన ఒంటికి అందుతుంది. తాంబూలంలో రోజూ సున్నం రాసుకునే మీ అమ్మకు ఇది చెబితే సంతోషిస్తుంది. దాని మీద పుట్టగొడుగులు గానీ, కాల్చి పొడవుగా చీల్చిన పెద్ద మిరపకాయలు గానీ, జున్నుతో వేయించుకోవచ్చు. ఉడికించిన నాగజెముడు మట్టలు కూడా కొన్ని బండ్లలో ఉంటాయి, పేరు నొపాలెస్. బెండకాయలాగా కొంచెం జిగురు, కొంచెం పులుపు. దొరికితే తప్పక రుచి చూపించు.

అయితే పెనం ఒక్కటే. అక్కడి మనిషి పనిచేసే తీరు గమనించు. వెడల్పు కత్తితో మాంసాన్ని టకటక కొట్టి పక్కకు నెడతాడు. కొవ్వు మిగిలిన ఆ చోటే టోర్టియాను వేలి కొనలతో రెండుసార్లు తిప్పి తీస్తాడు. ఆ బండికి అంత పేరు వచ్చింది అందుకే, శాకాహారికి ఇబ్బందీ అందుకే. రద్దీ వేళ వేరే గరిట వాడమని, పెనం కడగమని అడగటం న్యాయం కాదు, ఒప్పుకున్నా చేస్తారన్న నమ్మకం నాకు లేదు. కాబట్టి పెనం సంగతి దాచకుండా మీ అమ్మకు ముందే చెప్పు. నిర్ణయం దానిది. వద్దంటే పెనం ఎక్కనివి ఉన్నాయి: అవకాడో పచ్చడి, చిప్స్, మిరపపొడీ ఉప్పూ చల్లి నిమ్మరసం పిండిన మామిడి ముక్కలు. కాల్చిన మొక్కజొన్న కండె మీద పూసే తెల్లటి మీగడలో గుడ్డు ఉండవచ్చు, అది వద్దని చెప్పు. ఆ మామిడి ముక్కలు చూశాక మీ అమ్మ మరి నీ వంక చూడదు.

సల్సాల విషయంలో, అంటే అక్కడి కారపు పచ్చళ్ల విషయంలో, మీ నాన్నగారి చెయ్యి పట్టుకో. "మేం గుంటూరు వాళ్లం" అని గరిటెతో పోసుకునే మనిషి ఆయన. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం ఘాటు 35,000 నుంచి 40,000 దాకా ఉంటుంది. నారింజ రంగు హబనేరో మిరపకాయ లక్ష దాటుతుంది. రంగును నమ్మడానికీ లేదు, చాలా చోట్ల ఎర్రదాని కంటే ఆకుపచ్చదే మండుతుంది. అసలు మిరపకాయను పోర్చుగీసువాళ్లు మన తీరానికి తెచ్చింది ఆ వైపు నుంచే అని గుర్తుచెయ్యి. చుక్క నాలుక మీద వేసుకుని చూసి, ఆ తరవాత పోసుకోమను.

టాకో వచ్చిన వెంటనే తినాలి. ఫోటోలు తీస్తూ, రెండో పళ్లెం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే టోర్టియా నాని చిరిగిపోతుంది. రెండు టోర్టియాలు వేసేది అందుకే. పైది చిరిగినా కిందిది పట్టుకుంటుంది, రాలిన ముక్కలను అందులో చుట్టుకుని తినవచ్చు. టాకోను వంచకూడదు, తలను వంచాలి. ముందుకు వంగి పళ్లెం మీదే కొరకమను. చేత్తో తినే జాతికి ఇది నేర్పనక్కర్లేదు కానీ మీ నాన్నగారు ఈ దేశంలో ఫోర్కు కోసం వెతుకుతారు, ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. మనిషికి మూడు టాకోలు చాలు. పెద్ద రొట్టెలో అన్నీ చుట్టి ఇచ్చే బరీటో అయితే ఒక్కటి వాళ్లిద్దరికీ సరిపోతుంది.

తాగడానికి ఎర్రటి హమైకా ఇప్పించు. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్క పూల తొడిమలతో కాచి చల్లార్చిన పానకం. మనం ఆకు తిని తొడిమ వదిలేస్తాం, వాళ్లు తొడిమతో దాహం తీర్చుకుంటారు. ఆ ఎండలో, పుల్లగా చల్లగా, కోలాల కంటే నూరు రెట్లు నయం. తెల్లటి ఓర్చాతా బియ్యం, దాల్చినచెక్కతో చేస్తారు. బాగా తియ్యగా ఉంటుంది, మీ నాన్నగారి చక్కెర జబ్బుకు వద్దు.

డబ్బు కట్టేటప్పుడు తెర మీద టిప్ అంకెలు వస్తాయి. పదిహేను శాతం నొక్కు, ఆలోచించకు. నడివేసవిలో ఆ ఇనపపెట్టెలో పెనం ముందు నిలబడేవాళ్లకు అది ఎక్కువేమీ కాదు. ఆ తెర మాత్రం మీ నాన్నగారి కంట పడనీయకు. రూపాయల్లోకి మార్చి, ఆ డబ్బుతో రాజమండ్రిలో ఎంతమందికి భోజనం పెట్టవచ్చో లెక్క చెప్పడం మొదలుపెడితే టాకో చల్లారిపోతుంది.

చేతులు కడుక్కోవడానికి బండి దగ్గర వసతి ఉంటుందనుకోకు. ముఖ్యవీధిలో ఊరి నడిమధ్య పర్యాటక సమాచార కేంద్రం ఉంది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, ముందు అక్కడ ఆగండి. బయలుదేరే రోజు పొద్దున్నే బండివాళ్ల పేజీలో ఆరోజు తెరుస్తున్నారో లేదో చూసుకో. సరుకు అయిపోతే చెప్పిన వేళకంటే ముందే మూసేస్తారు. అలా జరిగితే ముఖ్యవీధిలోనే దక్షిణం వైపు సిటీ మార్కెట్ అనే పెద్ద దుకాణం ఉంది. పెరుగు, పళ్లు, రొట్టె అన్నీ దొరుకుతాయి. ఆ పూట అలా గడిపి, మర్నాడు పదకొండున్నరకు, అంటే జనం పార్కు నుంచి తిరిగి రాకముందే, మళ్లీ వెళ్లండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ