మీరడిగారు: కరాటే బెల్టు లెక్కలు

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. హనుమకొండలో రెండేళ్లు నేర్చుకుని యెల్లో, ఆరెంజ్ దాటి గ్రీన్ బెల్టు తెచ్చుకుంది. బదిలీ మీద విజయవాడ వచ్చాం. ఇక్కడి మాస్టారు "మా దగ్గర ఆరెంజే ముందు, యెల్లో చాలా తర్వాత. వైట్ బెల్టుతో మొదలుపెట్టాలి" అన్నారు. పిల్ల ఒకటే ఏడుపు. ఇది న్యాయమేనా?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ఇద్దరు మాస్టార్లు చెప్పిందీ నిజమే. కరాటే అంతటికీ కలిపి ఒకే రంగుల వరస అంటూ లేదు. ఏ శైలికి ఆ శైలి, ఒకే శైలిలో కూడా ఏ సంఘానికి ఆ సంఘం తన వరస పెట్టుకుంది. మీరు చెప్పినదాన్ని బట్టి కొత్త క్లాసు క్యోకుషిన్ శైలిది అయ్యుంటుంది. అందులో వైట్ తర్వాత ఆరెంజ్ (10, 9 క్యు), బ్లూ (8, 7), యెల్లో (6, 5), గ్రీన్ (4, 3), బ్రౌన్ (2, 1), ఆ పైన బ్లాక్. మన దగ్గర షోటోకాన్, షిటో-ర్యూ నేర్పే చాలా క్లాసుల్లో మాత్రం యెల్లో ముందొస్తుంది.

అందుకే రంగు చెప్పి లాభం లేదు, క్యు నంబరు చెప్పాలి. క్యు అంటే బ్లాక్ బెల్టుకు ముందుండే మెట్టు. పెద్ద అంకె నుంచి కిందికి దిగుతూ వస్తుంది, 1 వ క్యు తర్వాత బ్లాక్ బెల్టు. మీ పాప సర్టిఫికెట్ మీద ఆ అంకె, శైలి పేరు ఉంటాయి, చూడండి.

శైలే మారితే మళ్లీ వైట్ కట్టించడం అవమానం కాదు. క్యోకుషిన్‌లో పోరాటం ఒంటికి గట్టిగా తగిలేలా ఉంటుంది, ముఖానికి చేతి దెబ్బ ఉండదు. షోటోకాన్‌లో దెబ్బను తగిలే ముందు అదుపు చేయడం నేర్పుతారు. దూరం అంచనా, నిలబడే తీరు రెండూ వేరు కాబట్టి పాత గ్రీన్ బెల్టుతో కొత్త గ్రీన్ బెల్టుల ఎదుట నిలబెడితే దెబ్బలు తినేది పిల్లే. "రెండు మూడు నెలలు చూసి, పనితనం ఉంటే ఒకేసారి రెండు మెట్లు ఇస్తారా?" అని మాస్టారిని అడగండి, అది అడగదగిన మాటే.

శైలి ఒకటే అయ్యుండి, క్లాసు మాత్రమే మారితే వైట్‌కి దింపడానికి సరైన కారణం చెప్పాల్సిందే. అప్పుడు పాపకు వచ్చిన కటాల (ఒక వరసలో చేసే కదలికల పాఠాల) పేర్లు రాసి తీసుకెళ్లండి. ఇక్కడో తిరకాసు ఉంది. షోటోకాన్‌లో మొదట నేర్పే హెయాన్ షోదాన్ అనే కటానే షిటో-ర్యూలో పినాన్ నీదాన్ అంటారు. షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి గిచిన్ పేరు మార్చి, మొదటి రెంటి వరసా తారుమారు చేశారు. పేరు విని "ఇది రాదు" అనేయకుండా, చేసి చూపించమనండి.

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు. ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు గ్యారంటీ అంటున్నారు. రెండు నెలలకో టెస్టు, ప్రతిదానికీ ఫీజు. చేర్పించమంటారా?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: వద్దు. వేళ్ల మీద లెక్కేద్దాం. 9 క్యులు ఉన్నాయనుకోండి. వారానికి రెండు మూడు క్లాసులైతే మొదటి ఆరు మెట్లకు ఒక్కోదానికి 3, 4 నెలలు, బ్రౌన్‌లో ఉన్న మూడు మెట్లకు ఒక్కోదానికి కనీసం 6 నెలలు పడుతుంది. మొత్తం కనీసం మూడు నుంచి మూడున్నరేళ్లు. అంతకంటే తొందరపడితే ఏం పోతుందో ఒక్క కటాలోనే కనిపిస్తుంది.

హెయాన్ షోదాన్‌లో 21 కదలికలు. మూడో పై అడ్డు (ముఖానికి వచ్చే దెబ్బను చేత్తో ఆపడం) దగ్గర కేక వేశాక, కుడి పాదం మీద 270 డిగ్రీలు తిరిగి ఎడమ చేత్తో కింది అడ్డు వేయాలి. తొందరపెట్టి నేర్పిన పిల్లల్ని అక్కడ చూడండి. తిరిగి వచ్చిన ఎడమ పాదం కుడి పాదానికి సరిగ్గా ఒకే గీత మీద పడుతుంది, భుజాల వెడల్పు ఉండదు, పిల్లాడు తూలతాడు. తూలకుండా ఆపుకోవడానికి వెనక మడమ లేపుతాడు. మడమ లేచిందంటే తర్వాతి గుద్దుకు నేల ఆసరా ఉండదు, భుజంతో తోస్తాడు. రెండో చెయ్యి నడుము దగ్గరికి రాకుండా పొట్ట ముందు వేలాడుతుంది. దీన్ని సరిచేయకుండా తర్వాతి కటాకి పంపితే, అదే తప్పును హెయాన్ నీదాన్‌లో 26 కదలికల పొడవునా మోసుకెళ్తాడు. బ్రౌన్ బెల్టు నాటికి ఆ కాలిని మళ్లీ మొదటి నుంచి దిద్దాలి, కొత్తగా నేర్పడం కంటే అది కష్టం.

చేర్పించే ముందు నాలుగు విషయాలు అడగండి. ప్రతి మెట్టుకీ ఏం రావాలో రాసిన సిలబస్ ఉందా? టెస్టు ఫీజులో బెల్టు, సర్టిఫికెట్ కలిసే ఉన్నాయా? టెస్టు చేసేదెవరు? పోయినసారి ఎంతమంది తప్పారు? ఆఖరిదానికి "ఎవరూ తప్పరు" అన్నారంటే అది పరీక్ష కాదు, వసూలు. చిన్న పిల్లలకు చాలా సంఘాలు జూనియర్ బ్లాక్ బెల్టే ఇస్తాయి, 16 ఏళ్లు దాటాక మళ్లీ పరీక్ష పెడతాయి. ఆ సంగతి కూడా ముందే తేల్చుకోండి.

ప్రశ్న: బెల్టు ఎలా కట్టినా పది నిమిషాల్లో ఊడిపోతోంది. ముడి నిలువుగా తిరిగి, ఒక కొస పైకీ ఒకటి కిందికీ ఉంటోంది.
- ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: నువ్వు వేస్తున్నది తప్పు మెలిక. ఇలా కట్టు. బెల్టు నడిభాగాన్ని బొడ్డుకు రెండు వేళ్ల కింద పెట్టు. రెండు కొసల్నీ వెనక్కి తీసుకెళ్లి, ఒకదాని మీద ఒకటి దాటించి, రెండో చుట్టు మొదటి చుట్టు మీదే సరిగ్గా పడేలా ముందుకు తే. కొసలు సమానంగా ఉన్నాయా చూసుకో. ఎడమ కొసను కుడి కొస మీదుగా వేసి, రెండు చుట్లకూ అడుగు నుంచి దూర్చి పైకి లాగి బిగించు. అడుగున ఒక్క చుట్టునే పట్టుకుంటే అక్కడే వదులవుతుంది.

ఇప్పుడు రెండో ముడి. ఇప్పుడే పైకి వచ్చిన కొసనే మళ్లీ రెండోదాని మీదుగా దాటించి, దాని కిందినుంచి తిప్పి, ఏర్పడిన సందులోంచి లాగు. మొదటి ముడిలో పైన ఉన్న కొసే రెండో ముడిలోనూ పైన ఉండాలి, కిటుకంతా ఇదే. సరిగా పడితే కొసలు చెరో పక్కకు అడ్డంగా వెళ్లి వేలాడతాయి.

పొడవు సంగతి: డ్రెస్సు మీద నడుము కొలతను రెండింతలు చేసి, సుమారు 90 సెంటీమీటర్లు కలుపుకో. 70 నడుముకు 230 అవుతుంది. ఉతకొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. తప్పకుండా ఉతకాలి, మన ఉక్కపోతలో ఉతక్కపోతే బూజు పడుతుంది. చల్లనీళ్లలో విడిగా చేత్తో ఉతికి నీడన ఆరెయ్యి. తెల్ల డ్రెస్సుతో కలిపి నానబెడితే రంగు అంటుతుంది.

ప్రశ్న: పూర్వం వైట్ బెల్టే ఏళ్ల తరబడి మాసి మాసి బ్లాక్ బెల్టు అయ్యేదట, నిజమేనా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వినడానికి బాగుంటుంది గానీ చరిత్ర కాదు. బ్లాక్ బెల్టులో ఉండే దాన్ అనే మెట్లు జూడో నుంచి వచ్చాయి. జూడో స్థాపకుడు కానో జిగోరో 1883లో ఇద్దరు శిష్యులకు మొదటి దాన్ ఇచ్చారు, కొన్నేళ్లకు నల్ల నడికట్టు గుర్తుగా వచ్చింది. ఒకినావా నుంచి 1922లో టోక్యో వచ్చిన ఫునకోషి ఆ పద్ధతినే తీసుకుని, 1924 ఏప్రిల్‌లో కరాటేలో తొలి దాన్‌లు ఇచ్చారు. అంటే కరాటే కంటే దాని బెల్టు వయసు చాలా తక్కువ. మొదటి దాన్‌ను "ఇచి (ఒకటి) దాన్" అనకుండా "షో దాన్" అంటారు. "షో" అంటే మొదలు. రెండో దాన్‌కు చాలా సంఘాల్లో మరో రెండేళ్లు, మూడో దాన్‌కు ఆపైన మూడేళ్లు ఆగాలి.

ప్రశ్న: బ్లాక్ బెల్టు ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందా? టోర్నమెంట్లలో ఎర్ర, నీలి బెల్టులు ఏ ర్యాంకువి?
- ఒక డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: కోటాకు చూసేది బెల్టును కాదు, గుర్తింపు ఉన్న పోటీల్లో ఏ స్థాయిలో ఆడావు, ఏ పతకం తెచ్చావన్నదాన్ని. ఏ పోటీలు లెక్కకొస్తాయో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదివి, ఆ తర్వాతే టోర్నమెంట్ ఫీజు కట్టమ్మా. ఎర్ర, నీలి బెల్టులకు ర్యాంకుతో సంబంధం లేదు. పాయింటు ఎవరిదో రిఫరీ చెప్పడానికే ఒకరికి ఎరుపు (అకా), ఒకరికి నీలం (అఒ). ప్రపంచ కరాటే సమాఖ్య నిబంధన ప్రకారం ఆ బెల్టు సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పుండాలి, ముడికి రెండు పక్కలా 15 సెంటీమీటర్లు వేలాడాలి. పోటీకి వెళ్లేటప్పుడు రెండు రంగులూ సంచిలో పెట్టుకో, ఏది వస్తుందో డ్రా తీసేదాకా తెలియదు.