మేనియా మొదట్లో లిథియం ఇవ్వకుండా ఓలాంజపిన్ ఎందుకు రాస్తారు?

మీ తమ్ముడికి మేనియా (మనసు, మాట, చేతలు అదుపు లేకుండా ఉరకలేసే మానసిక జబ్బు) అన్నారు, దానికి లిథియం అనే మందు మంచిదని అందరూ చెబుతుంటే డాక్టర్ ఓలాంజపిన్ అనే వేరే మందు ఎందుకు రాశారని అడిగారు. మూడేళ్ల కిందట మా చెల్లి విషయంలో నేనూ ఇదే అడిగాను.

అప్పటికి తను నిద్రపోయి ఐదు రాత్రులైంది. మాట ఆపదు, అన్నం ముట్టదు, చేతిలో ఉన్న డబ్బంతా పంచేస్తోంది. లిథియం పనిచేయడానికి వారం, పది రోజులు పట్టొచ్చు. అన్నాళ్లు ఆగే పరిస్థితి మాకు లేదు. ఓలాంజపిన్ అంతకన్నా త్వరగా నెమ్మదింపజేస్తుంది, నిద్ర పట్టిస్తుంది. పైగా చెల్లి మాత్రలు ఉమ్మేసేది. నోట్లో కరిగిపోయే రకం ఇందులో ఉంది, మాకు అదే రాశారు.

లిథియం ఇవ్వాలంటే ముందు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కావాలి. తర్వాత కూడా రక్తంలో అది ఎంత ఉందో చూస్తూ ఉండాలి. ఎందుకంటే కాస్త ఎక్కువైతే విషమవుతుంది. ఒంట్లో నీరు తగ్గినా, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా రక్తంలో పెరిగిపోతుంది. మాది గుంటూరు, అప్పుడు మే నెల, చెల్లి మంచినీళ్లు కూడా తాగడం లేదు.

మరి మేనియాకే వాడే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ ఇవ్వొచ్చు కదా అన్నాను. "అమ్మాయికి 24 ఏళ్లు కదమ్మా" అన్నారు డాక్టర్. గర్భం వస్తే బిడ్డ వెన్నుపాముకీ, మెదడు ఎదుగుదలకీ దెబ్బ తగులుతుందట. మీ తమ్ముడి విషయంలో ఈ లెక్క వేరు.

మేము చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నెల ముందే చెల్లికి వేరేచోట డిప్రెషన్ మాత్రలు మొదలుపెట్టారు. సంబంధాలు చూస్తున్న రోజులు కాబట్టి అమ్మ ఆ మాట బయటపెట్టనివ్వలేదు. రెండో రోజు టెన్షన్ తట్టుకోలేక డాక్టర్‌కి చెప్పేశాను. అవి మేనియాను ఇంకా పెంచొచ్చని డాక్టర్ వెంటనే ఆపించారు. మా మేనమామకు లిథియంతోనే కుదుటపడిందనీ అప్పుడే చెప్పాను. ఆ ఒక్క మాట చాలా పనికొచ్చింది. చెల్లి తిండీ నిద్రా దారిలో పడి, రిపోర్టులు వచ్చాక లిథియం కలిపారు. ఓలాంజపిన్‌తో మూడు నెలల్లో ఏడు కిలోలు పెరిగింది. అందుకని బరువు, షుగర్ చూస్తూ నెమ్మదిగా దాన్ని తగ్గించుకుంటూ వచ్చారు.

కాబట్టి ఇప్పుడు రాసిన మందే ఎప్పటికీ ఉంటుందని అనుకోకండి, అలాగని మీరే ఆపేయకండి. ఈసారి వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి. ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉంటే ఏ మందు పనిచేసిందో చెప్పండి. మధ్యలో ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. తమ్ముడు చేయిదాటిపోతుంటే మాత్రం ఫోన్లతో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.