ఫ్లెమింగోల పక్కనున్న చిన్న పిట్టలు

అమ్మా, ఆశీస్సులు.

వలస పక్షుల మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఫ్లెమింగోల గులాబీ రంగు గురించి బాగా రాశావు. కానీ పులికాట్‌కి అవి వస్తాయని అందరికీ తెలిసిందే, సూళ్లూరుపేటలో వాటి పేరున పండగే చేస్తారు. చెన్నైలో అడయారు నది సముద్రంలో కలిసే చోట 'ఏవో చిన్న గోధుమరంగు పిట్టలు' చూశానని ఒక్క ముక్కలో తేల్చేశావే, నేనైతే వాటి గురించే రాయమంటాను.

వాటిలో కర్లూ శాండ్‌పైపర్ ఉంటుంది. ముక్కు సన్నగా, చివర కిందికి వంగి ఉంటుంది. బరువు 60 గ్రాములకు అటూ ఇటూ. సైబీరియా ఉత్తరపు అంచున, మంచు కరిగిన ఆ కొద్ది వారాల్లో గుడ్లు పెడుతుంది. మగది పొదగదు, పిల్లల్ని చూడదు, జూలైకల్లా బయల్దేరిపోతుంది. ఆ తర్వాత తల్లులు. పిల్లలు అందరికన్నా వెనక, దారి చూపే పెద్దవి లేకుండానే వస్తాయి. ఆగస్టులో మన దగ్గర దిగే పెద్దవాటి ఛాతీ మీద ఇటుక ఎరుపు ఇంకా మరకలుగా మిగిలి ఉంటుంది. సెప్టెంబరులో వచ్చే పిల్లలకు ఆ ఎరుపు ఉండదు, వీపు మీది ఈకలకు చేప పొలుసుల్లా లేత అంచులుంటాయి. చెన్నైలో ఉక్కపోత తగ్గని రోజులవి. నువ్వు వీటిని 'చలికాలపు చుట్టాలు' అనడం అందుకే నాకు నచ్చలేదు.

ఇంకో సంగతి. అవి గుడ్లు పెట్టే ఆ టండ్రాలో, అంటే చెట్లు మొలవని మంచు మైదానంలో, లెమ్మింగ్ అనే ఎలుకలుంటాయి. కొన్నేళ్లకోసారి విపరీతంగా పెరిగి, తర్వాత ఒక్కసారిగా తగ్గిపోతాయి. అవి దండిగా ఉన్న ఏడాది నక్కలు వాటితోనే కడుపు నింపుకుంటాయి. లేని ఏడాది పిట్టల గుడ్ల మీద, పిల్లల మీద పడతాయి. ఆ ఏడాది దక్షిణానికి వచ్చే పిల్లలు తగ్గిపోతాయి. అక్కడి ఎలుకల కరువు ఇక్కడ మన బురదలో కనబడుతుందన్నమాట! ఇంత సంగతి చేతిలో ఉండగా 'అద్భుతం', 'మహాద్భుతం' ఎందుకమ్మా? ఆ మాటలన్నీ కొట్టేసి పంపుతున్నాను, కోపం తెచ్చుకోకు.

ఆటుపోట్ల వేళలు చూసుకుని నీళ్లు వెనక్కి తీసినప్పుడు వెళ్లు. బురద బయటపడితేనే అవి మేతకు దిగుతాయి. తేదీ వేసుకుని, ఎర్ర మరకలవి ఎన్ని, పొలుసులవి ఎన్ని, నోట్‌బుక్‌లో రాసుకో. బైనాక్యులర్ లేదని టెన్షన్ పడకు, నాది తీసుకెళ్లు. ఈశాన్య రుతుపవనాలు మొదలై నదికి నీళ్లొస్తే ఆ బురద మునిగిపోతుంది. ఈలోపే వెళ్లొచ్చి, వ్యాసం మళ్లీ రాసి పంపు. ఈసారి ఫ్లెమింగోలు వద్దు.

ఆశీస్సులతో.