పాప అరికాళ్లలో పొక్కులు, కేఆర్‌టీ14 అని రిపోర్టు: బయోటిన్ వేయొచ్చా?

మీ పాపకి రెండేళ్లు, నడక వచ్చినప్పటి నుంచీ అరికాళ్లలో నీటి పొక్కులు, జన్యు పరీక్షలో కేఆర్‌టీ14 అని, అంటే కెరాటిన్ 14 అనే ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువులో మార్పు ఉందని వచ్చింది. కెరాటిన్ కోసం బయోటిన్ అనే విటమిన్ వేయాలా, రెండో బిడ్డకీ వస్తుందా అని అడిగారు. నాకూ మా అబ్బాయికీ ఉన్నది ఇదే, ఎపిడెర్మోలైసిస్ బులోసా సింప్లెక్స్, రాపిడికే చర్మం మీద పొక్కులు లేచే జన్యు జబ్బు. మా నాన్నకీ ఉండేది. జబ్బు పేరు తెలియకుండానే పోయారాయన.

బయోటిన్ వద్దండీ. ఇది కెరాటిన్ తక్కువై వచ్చింది కాదు. పైచర్మంలో అట్టడుగు కణాల్లో కెరాటిన్ 5, కెరాటిన్ 14 జతగా పేనుకుని తాడవుతాయి. రాపిడికి కణం చిరగకుండా కాసేది ఆ తాడే. జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడితే చాలు, చెడ్డ పోగు మంచివాటితో కలిసి తాడంతటినీ పీలగా చేసేస్తుంది. పోగులు ఎన్ని పెరిగినా వాటిలో చెడ్డవీ ఉంటాయి. కేఆర్‌టీ14లో ఈ లోపాన్ని 1991లో అమెరికా శాస్త్రవేత్త ఎలైన్ ఫుక్స్ బృందం పట్టుకుంది. మార్పు కెరాటిన్ 14 ప్రోటీన్‌లో 125వ స్థానంలో ఉంటే జబ్బు తరచూ తీవ్రంగా ఉంటుంది, రిపోర్టులో ఆ అంకె చూసి డాక్టరుని అడగండి.

వేడీ చెమటా దీనికి శత్రువులు. బెంగళూరులో మావాడు బాగానే తిరుగుతాడు. మేలో ప్రొద్దుటూరు వెళ్తే గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలకే మడమ మీద రూపాయి బిళ్లంత పొక్కు లేచింది.

పొక్కుని వదిలేస్తే పక్కలకి పాకుతుంది. స్టెరైల్ సూదితో కిందివైపు అంచున గుచ్చి, గాజుగుడ్డతో మెల్లగా అద్ది నీరు తీసేయాలి. పైతోలు మాత్రం పీకకూడదు, అదే కింది పుండుకి కప్పు. మొదటిసారి నర్సు దగ్గర చూసి నేర్చుకోండి. పైన అంటుకోని డ్రెస్సింగే వేయాలి. ఒకసారి ఒక క్లినిక్‌లో ప్లాస్టర్ అంటించారు. మర్నాడు తీస్తుంటే చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా లేచొచ్చింది. వాడి ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. చీము, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

సాక్సులు తిరగేసి తొడగండి, కుట్టు బయటికి వస్తుంది.

రెండో బిడ్డ సంగతి: మీ ఇద్దరిలో ఒకరికి ఈ మార్పు ఉంటే ప్రతి కాన్పుకీ సగం అవకాశం. ఎవరికీ లేకపోతే పాపలోనే కొత్తగా వచ్చి ఉంటుంది, అప్పుడు రెండో బిడ్డకి వచ్చే అవకాశం చాలా తక్కువ. ఇద్దరూ పరీక్ష చేయించుకుని జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి. ఇది అంటువ్యాధి కాదని ప్లేస్కూల్ టీచరుకి ముందే చెప్పండి. మాకు ఆ మాట చెప్పడం ఆలస్యమైంది, మావాడు నెల రోజులు ఒక్కడే కూర్చున్నాడు.