పేరు వేరు, వరస వేరు

"సి, డి, ఇ అని నోట్సుకి పేర్లు ఉండగా మళ్ళీ ఒకటి, రెండు, మూడు అని స్కేల్ డిగ్రీలు (స్కేలులో ఎన్నో స్వరమో చెప్పే అంకెలు) ఎందుకు? మన సరిగమలు ఈ రెండింటిలో దేని కిందికి వస్తాయి?" అని అడిగారు. ఈ జవాబు నేను పుస్తకంలో చదివింది కాదు. మధురవాడలో మా అన్నయ్య ఫ్లాట్ గృహప్రవేశం నాడు చుట్టాలందరి ముందూ పరువు పోగొట్టుకుని నేర్చుకున్నది.

అప్పటికి కీబోర్డు క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టి ఎనిమిది నెలలు. మెట్ల మీద స్టిక్కర్లు అంటించుకున్నాను. సి పక్కన స, డి పక్కన రి, అలా. (నన్నడిగితే పిల్లల కీబోర్డులకి ఈ స్టిక్కర్లు అంటించేవాళ్ళకి జరిమానా వేయాలి.) స అంటే సి, సి అంటే స. అందులో నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు.

మా మేనత్త విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంది. ఆ కాలేజీ 1919లో మొదలైందనీ, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్ అనీ మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు, ఆవిడ మర్చిపోనివ్వదు మరి. ఆ రోజు ఆధార స్వరం పలికే శ్రుతి పెట్టె ఐదులో పెట్టుకుని, మధ్యమావతి రాగంలో మంగళహారతి ఎత్తుకుంది. నాకూ ఆ హారతి వచ్చు. ఉండబట్టలేక నేనూ అందుకున్నాను, నా స్టిక్కరు 'స' దగ్గర్నుంచి.

మొదట ఎవరికీ తేడా తెలియలేదు. ఐదు శ్రుతి అంటే జి. నేను సిలో ఉన్నాను. సికి జి పంచమం (ప) కాబట్టి రెండూ కలిసినట్టే ఉంటాయి, అదే మోసం. నిషాదం (ని) దగ్గర దొరికిపోయాను. నా నిషాదం ఎ షార్ప్, నల్ల మెట్టు. జిని 'స'గా పెట్టుకున్నవాళ్ళకి అదే మెట్టు సాధారణ గాంధారం, అంటే ఒక రకం గ. మధ్యమావతిలో అసలు గాంధారమే లేదు! అత్త శ్రుతిలో ఆ రాగానికి నల్ల మెట్టుతో పనే లేదు: జి, ఎ, సి, డి, ఎఫ్, అంతే. నేను ఆ నల్లది నొక్కగానే అత్త పాట ఆపేసి, "ఏట్రా నాన్నా అది? నా షడ్జమం, నా స, ఎక్కడుందో చూసుకోవా?" అంది. ఈలోగా పళ్ళెంలో కర్పూరం కొండెక్కింది. ఆ అపశకునం ఇప్పటికీ నా ఖాతాలోనే ఉంది.

భోజనాలయ్యాక బాల్కనీలో కూర్చోబెట్టి చెప్పింది. "మీ నాన్న పేరు అందరికీ ఒకటే కదా. నాకు అన్నయ్య, నీకు నాన్న, మీ మావయ్యకి బావ. పేరు మారిందా, వరస మారిందా?" సి, డి, ఇ పేర్లు. డిగ్రీలు వరసలు. 'స' ఎవరో తేలకుండా మిగతావాళ్ళ వరస చెప్పలేం. నేను స అని నమ్ముకున్న సి, అత్తకి మ, అంటే నాలుగో డిగ్రీ. డి ఆవిడకి ప.

సరిగమలు కూడా వరసలే. మీరడిగినదానికి జవాబు ఇంతే, కానీ అసలు తికమక వేరేచోట ఉంది. మనవాళ్ళు కదలని స్థానాలకి అంకెలు పెట్టారు: సి ఒకటి, డి రెండు, జి ఐదు, మధ్యలో నల్లవి ఒకటిన్నర, నాలుగున్నర. కదిలే స్వరాలకి అక్షరాలు పెట్టారు. పాశ్చాత్యులు సరిగ్గా తిరగేశారు. కాబట్టి ఐదు శ్రుతి వేరు, ఐదో డిగ్రీ వేరు. సి స్కేలులో మాత్రం రెండూ ఒకే మెట్టు మీద పడతాయి. అందరికీ సిలోనే నేర్పుతారు, అక్కడే పాడైపోతాం.

ఇంకోటి. సిలో వాయించినా సరళీ వరసలు, అంటే కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలు, తెల్ల మెట్ల మీద రావు. అవి 15వ మేళకర్త (ఏడు స్వరాల మూల రాగం) మాయామాళవగౌళలో ఉంటాయి, రి, ధ రెండూ నల్ల మెట్లే. తెల్లవి వరసగా వాయిస్తే వచ్చేది 29వది, ధీరశంకరాభరణం, వాళ్ళ మేజర్ స్కేలు. 'సరిగమ అంటే సి డి ఇ ఎఫ్' అని నేర్పే వీడియోలు చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉందిగా అంటారా, అది నొక్కి ఐదు శ్రుతికి జరిపితే సి అని రాసున్న మెట్టు జి పలుకుతుంది. ఇక పేరూ వరసా రెండూ పోయాయి.

నమ్మకం కుదరకపోతే ఐదు నల్ల మెట్లు మాత్రమే తీసుకోండి. ఎఫ్ షార్ప్‌ని స అనుకుని పైకి వాయిస్తే మోహన రాగం. అవే మెట్లు, ఎ షార్ప్‌ని స అనుకోండి, హిందోళం. శ్రుతి పెట్టె కూడా ఆ స్వరానికే మార్చుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది.

నేను ఆ రాత్రే స్టిక్కర్లు పీకేశాను. జిగురు మాత్రం పోలేదు, విశాఖ ఉక్కపోతకి ఇప్పటికీ వేళ్ళకి అంటుకుంటోంది. అదెలా వదులుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.