పడవ దించే ముందు గాలి సంగతి చూడండి

దేవరకొండ నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు కొత్తగా వచ్చిన తమ్ముడు ఒకరు అడిగారు: "అన్నా, స్నేహితులం కలిసి పదహారు అడుగుల అల్యూమినియం పడవ కొన్నాం. శనివారం ఈరీ సరస్సులో చేపలు పట్టడానికి వెళ్దామనుకుంటున్నాం. ఫోనులో ఎండ బొమ్మే చూపిస్తోంది, వాన లేదు. వెళ్లొచ్చా?"

ఆ ఎండ బొమ్మను నమ్మి వెళ్లకండి తమ్ముడూ. చిన్న పడవకు ప్రమాదం వానతో కాదు, గాలితో. మబ్బు తునక లేని రోజున కూడా ఈరీ మీద ఐదడుగుల అలలు లేస్తాయి.

చందంపేట, పెద్దవూర, సోమశిల, జూరాల వైపు నుంచి వచ్చినవాళ్లకు నీళ్లంటే బెదురు ఉండదు. కృష్ణలో పుట్టి మీద వల వేసేవాళ్లను చూస్తూ పెరిగారు. ఆ చొరవ నాకూ ఇష్టమే. కానీ అక్కడి అంచనా ఇక్కడ పనికిరాదు. నాగార్జున సాగర్ జలాశయం నిండితే 285 చదరపు కిలోమీటర్లు. గాలి వీస్తే ఏదో ఒక గుట్ట అడ్డం పడుతుంది. ఈరీ సరస్సు దాదాపు 25,700 చదరపు కిలోమీటర్లు, పొడవే 388 కిలోమీటర్లు. నీటి మీద గాలి ఎంత దూరం అడ్డు లేకుండా వస్తే అల అంత పెరుగుతుంది. పైగా ఉత్తర అమెరికాలోని ఐదు మహా సరస్సుల్లో లోతు తక్కువది ఇదే, సగటున 19 మీటర్లు. అందుకే ఇక్కడి అలలు నిటారుగా లేచి మూడు నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున వచ్చి పడతాయి. సముద్రంలో మూడడుగుల అల పడవను మెల్లగా ఎత్తి దించితే, ఇక్కడ అదే అల పడవ ముక్కు మీద కొట్టి నీళ్లు లోపల పోస్తుంది.

మీరు చదవాల్సింది అమెరికా జాతీయ వాతావరణ సేవ (నేషనల్ వెదర్ సర్వీస్) ఇచ్చే సరస్సు వాతావరణ సూచన. ఒడ్డు నుంచి ఐదు నాటికల్ మైళ్ల (సుమారు 9 కిలోమీటర్ల) దాకా ఒకటి, నడి సరస్సుకు మరొకటి ఉంటాయి. ఊరి వాతావరణం వేరు, నీటి మీది వాతావరణం వేరు. ఆ సూచన సుమారుగా ఇలా ఉంటుంది: "ఉదయం దక్షిణ గాలి 5 నుంచి 10 నాట్లు, మధ్యాహ్నానికి వాయవ్యానికి మళ్లి 15 నుంచి 20 నాట్లు. అలలు 1 అడుగు, తర్వాత 3 నుంచి 5 అడుగులు." నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. దక్షిణ గాలి అంటే మన నైరుతి రుతుపవనాల మాదిరే, ఆ దిక్కు నుంచి వచ్చేది. క్లీవ్‌లాండ్ సరస్సుకు దక్షిణపు ఒడ్డున ఉంది కనుక ఆ గాలి నేల మీదుగా వస్తుంది. ఒడ్డున నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, ధైర్యం వస్తుంది, ఎనిమిది మైళ్లు లోపలికి వెళ్లిపోతారు. మధ్యాహ్నం గాలి వాయవ్యానికి మళ్లుతుంది. ఇక తిరుగు ప్రయాణమంతా అలలు వెనుక నుంచి తరుముతాయి. మోటారు బిగించే వెనుక పలకే చిన్న పడవల్లో అన్నిటికన్నా తక్కువ ఎత్తు. నీళ్లు అక్కడి నుంచే లోపలికి వస్తాయి.

అంటే ఈ సూచనలో ఉదయం భాగం చదివి ఆగిపోతే ప్రమాదం. మీరు ఒడ్డుకు చేరే గంటకు గాలి ఎలా ఉంటుందో చూడాలి. ఇంకో సంగతి: వాళ్లు చెప్పే అల ఎత్తు, అన్నిటిలో ఎత్తైన మూడో వంతు అలల సగటు. మూడడుగులు అన్నారంటే ఎప్పుడో ఒకసారి ఆరడుగులకు దగ్గరైనదీ వస్తుంది. గాలి వేగం పక్కనే ఈదురుగాలి (ఉండుండి ఒక్కసారిగా విసిరే గాలి) అంకె ఉంటే లెక్కకు దాన్నే తీసుకోండి.

చిన్న పడవలకు ఇచ్చే హెచ్చరిక మహా సరస్సుల్లో 22 నాట్ల గాలికి గానీ, నాలుగడుగులు మించిన అలలకు గానీ వస్తుంది. హెచ్చరిక లేదు కనుక వెళ్లొచ్చు అనుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా ఆందోళన. మీ పడవకు అంత దాకా పోనక్కర్లేదు. పది నాట్లు, రెండడుగులు: పదహారు అడుగుల పడవకు నేను చెప్పే హద్దు ఇది. అది దాటితే పడవ ఇంటి ముందే ఉండాలి. నలుగురూ సెలవు పెట్టారు, ఎర కొన్నారు అన్న మొహమాటం ఇక్కడ వద్దు. ఈ హద్దును ముందు రోజు రాత్రే అందరూ కలిసి ఒప్పుకోండి.

గాలి సూచనలు చూపే విండీ యాప్‌లో ఐరోపా, అమెరికా వాతావరణ సంస్థల కంప్యూటర్ నమూనాల అంచనాలు రెండూ పక్కపక్కన చూడవచ్చు. రెండూ పొసగకపోతే ఎక్కువ గాలి చెప్పినదాన్నే నమ్మండి. బయల్దేరే ముందు సరస్సులోని బోయా (గాలినీ అలలనూ కొలిచే తేలే పరికరం) కొలతలు చూడండి. అవి ఊహ కాదు, ఆ గంటకు నిజంగా వీస్తున్న గాలి. సూచన 8 అని, బోయా 14 అంటే బోయా మాటే చెల్లుతుంది. చలికాలంలో వాటిని తీసేస్తారు. పడవ దించేచోట నిలబడి చూసినప్పుడు ఎటు చూసినా తెల్ల నురగ తలలు కనిపిస్తే గాలి పది నాట్లు దాటినట్టే.

వేసవి సాయంత్రాల ఉరుముల సంగతి మనకు కొత్త కాదు. ఉరుము వినపడగానే ఒడ్డుకు రండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు నీళ్లలోకి వెళ్లకండి.

వ్యవసాయ బావిలో నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చినవాళ్లం మనం. కానీ ఆ ఈత ఒక్కటే ఇక్కడ చాలదు. మే మొదట్లో ఇక్కడ ఎండ 25 డిగ్రీలున్నా నీళ్లు 10 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అందులో పడితే మొదటి నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు. పది నిమిషాలకల్లా చేతులు పట్టు వదిలేస్తాయి. గజ ఈతగాడికైనా ఇంతే. ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలని చట్టం. సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలని నా పట్టు. 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు పది హార్స్‌పవర్ దాటిన మోటారు నడపాలంటే క్లీవ్‌లాండ్ ఉన్న ఒహాయో రాష్ట్రంలో పడవ శిక్షణ ధ్రువపత్రం కావాలి. ఆ తరగతిలో ఇవన్నీ నేర్పుతారు.

లోపలికి వెళ్లాక ఫోను సిగ్నల్‌ను నమ్మలేం. చేతిలో పట్టే వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవల్లో వాడే, మాట్లాడుకునే రేడియో) కొనండి: వాతావరణ ఛానళ్లలో సూచన రోజంతా వినిపిస్తుంది, ఆపదలో 16వ ఛానల్‌లో కోస్ట్ గార్డును పిలవవచ్చు. ఎక్కడ పడవ దించుతున్నారో, ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో, ఆ వేళ దాటితే కోస్ట్ గార్డుకు ఏ నంబరుకు ఫోను చేయాలో కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇచ్చి వెళ్లండి.